మరమ్మతైన వర్ణపటమాపకము – మన ప్రయోగ పుస్తకములు

మన కళాశాలలలో భౌతికశాస్త్ర విద్యార్థుల చేతిలో ఉండు ప్రయోగ పుస్తకములు కొన్ని అచ్చొత్తినవి, కొన్ని ఒక తరగతినుండి మరొక తరగతికి చేతివ్రాతలోనే సంక్రమించునవి. ఏదైనను వర్ణపటమాపకమును గూర్చిన అధ్యాయము మాత్రము ఇంచుమించు ఒకే పోత. మొదట యంత్రము యొక్క పటము, పిదప ప్రాథమిక సవరణలు, ఆ తరువాత సూత్రము, పట్టిక, చిట్టచివర 'ప్రామాణిక విలువ' అను గడి. ఇందులో చెప్పినదానిలో తప్పు పట్టవలసినది స్వల్పము. సవరణల వరుస సరియైనదే. షూస్టరు పద్ధతిని కొన్ని పుస్తకములు చక్కగనే వివరించినవి. కాని యంత్రము చెడి, బాగుపడి, తిరిగి బల్లమీదికి వచ్చిన దినమున దానిని ఎట్లు పరీక్షింపవలెనో నేను చూచిన పుస్తకములలో లేదు. ఈ లోపము చిన్నదిగా కనిపించును. చిన్నది కాదని నా అభిప్రాయము.

ఉన్నత పాఠశాల విద్యార్థుల కొఱకు ముందుగా యంత్రమును గూర్చి కొంత చెప్పుదును. సన్నని చీలికగుండా వచ్చిన వెలుగును సమాంతర కిరణములుగా పంపు గొట్టము కాలిమేటరు. నడుమనున్న చిన్న బల్లమీద పట్టకమో, దగ్గరదగ్గరగా సన్నని గీతలు గల గ్రేటింగో ఉండును. అది వెలుగును రంగులుగా విడదీసి ఒక్కొక్క రంగును ఒక్కొక్క దిక్కునకు మరల్చును. ఆ దిక్కును దూరదర్శినితో చూచి, క్రిందనున్న వృత్తాకారపు స్కేలుమీద, ఎదురెదురుగా అమర్చిన రెండు వెర్నియరులతో కోణమును చదువుదుము. యంత్రము కొలుచునది కోణమునే. తరంగదైర్ఘ్యము మనము లెక్కగట్టి రాబట్టునది. కోణమునకును తరంగదైర్ఘ్యమునకును గల సంబంధమును, ముందుగా తెలిసిన గీతల సాయముతో నిశ్చయించుకొనుటయే క్రమాంకనము. మరమ్మతు జరిగినప్పుడెల్ల ఈ సంబంధమును మరల నిశ్చయించుకొనక తప్పదు.

టెక్కలి, పలాస, సోంపేట ప్రాంతమున యంత్రములు చెడుటకు కారణములు వెదుకనక్కరలేదు. సముద్రము దగ్గర, గాలిలో తేమయు ఉప్పును ఎప్పుడును ఉండును. ఇత్తడికి చిలుము పట్టును, మరలు బిగుసుకొనును, కటకములపై బూజు ప్రాకును, అడ్డుతీగలు తెగును. 2018 అక్టోబరు 11న పలాస సమీపమున తీరము దాటిన తిత్లీ వంటి తుపాను వచ్చిన యేట చెప్పనే అక్కరలేదు. మరమ్మతుకు పంపిన యంత్రము కొన్ని నెలలకు తిరిగివచ్చును. దానితో వచ్చు చీటీలో 'సరిచేయబడినది' అని ఉండును. ఆ మాటకు అర్థమేమి? మరలు తిరుగుచున్నవి, గీత కనిపించుచున్నది, స్కేలు మెరయుచున్నది. ఇంతవరకే. కోణములు సరిగా చెప్పుచున్నదా అను ప్రశ్నకు ఆ చీటీలో జవాబు లేదు.

పలాస బజారులో జీడిపప్పు తూచు కాటా చెడి మరమ్మతైనచో దానిని తూనికలు, కొలతల శాఖవారు తిరిగి పరీక్షించి ముద్రవేసిన పిదపనే వాడవలెను. ఇది చట్టము. తూకములో తగ్గు గుప్పెడు జీడిపప్పునకు ఉన్నపాటి రక్షణ మన ప్రయోగశాలలోని వర్ణపటమాపకమునకు లేదు. దానికి ముద్రవేయువారెవరును లేరు కనుక ఆ పని ప్రయోగ పుస్తకము నేర్పవలసి యున్నది.

పుస్తకము నేర్పునదేమి? చివరి గడిలోని ప్రామాణిక విలువకు దగ్గరగా ఫలితము తెచ్చుట. ఆ గడి అక్కడ ఉన్నంతకాలము విద్యార్థి కన్ను దానిమీదనే ఉండును. ఎదురెదురు వెర్నియరులు రెండు ఉన్నవి. వాని ప్రయోజనమును పుస్తకము ఒక వాక్యములో చెప్పి విడిచినది. అందుచేత చాలమంది విద్యార్థులు మొదటి వెర్నియరు చదివి, దానికి 180 డిగ్రీలు కలిపి రెండవ వెర్నియరు గడిని నింపుదురు. పట్టిక ముచ్చటగా ఉండును. అయితే ఆ రెండవ వెర్నియరు ఉన్నది మరమ్మతు వంటి సందర్భము కొఱకే. 7.5 సెంటీమీటరుల వ్యాసార్ధము గల స్కేలులో తిరుగు కుదురు 0.05 మిల్లీమీటరు ప్రక్కకు జరిగినను ఒక వెర్నియరు రెండు నిమిషములకు పైగా తప్పు చెప్పగలదు. (ఇక్కడ నిమిషమనగా డిగ్రీలో 60వ భాగము.) ఎదుటి వెర్నియరు అంతే తప్పును వ్యతిరేక దిశలో చెప్పును. సగటు తీసిన రెండును కొట్టివేసికొనును. 180 కలుపు విద్యార్థి ఆ తప్పును సగటు తీసి పోగొట్టుటకు మారుగా, రెండుమారులు వ్రాసి భద్రపరచుచున్నాడు.

ఇంకొక విడ్డూరము గ్రేటింగునకు సంబంధించినది. దాని అంచున అంగుళమునకు 15,000 గీతలని వ్రాసి యుండును. కొందరు దానిని వేదవాక్యముగా గ్రహింతురు. మరికొన్నిచోట్ల సోడియము దీపము ముందుంచి, దాని తరంగదైర్ఘ్యము 5893 ఆంగ్‌స్ట్రాములని ఒప్పుకొని గీతల సంఖ్యను కట్టుదురు. (ఆంగ్‌స్ట్రామనగా సెంటీమీటరులో పదికోట్లవ వంతు.) ఇంతవరకు బాగుగనే ఉన్నది. మరుసటి వారము అదే గ్రేటింగుతో, అదే గీతల సంఖ్యతో, అదే సోడియము దీపము యొక్క తరంగదైర్ఘ్యమును కనుగొందురు! 5893 వచ్చును. రాక ఏమి చేయును? మనము దాచుకొన్న రూపాయి మన పెట్టెలోనే దొరికినది. గ్రేటింగును సోడియముతో క్రమాంకనము చేసినచో పరీక్షింపవలసినది పాదరసపు గీతలను. పాదరసముతో చేసినచో సోడియమును. ఈ చిన్న నియమమును పుస్తకము ఒక్క వాక్యములో చెప్పవచ్చును.

మరమ్మతైన యంత్రములో తప్పు ఎంత ఉండగలదో లెక్కవేసి చూతము. అంగుళమునకు 15,000 గీతలనగా గీతకు గీతకు నడుమ దూరము 16,933 ఆంగ్‌స్ట్రాములు. సోడియపు పసుపు వెలుగు మొదటి వర్ణపటములో 20 డిగ్రీల 22 నిమిషముల వద్ద కనిపింపవలెను. ఆ చోట కోణములో ఒక నిమిషము తప్పినచో తరంగదైర్ఘ్యములో 4.6 ఆంగ్‌స్ట్రాములు తప్పును. మన వెర్నియరులు చూపగల కనిష్ఠ భాగము ఆ ఒక నిమిషమే. ఇప్పుడు బల్ల మరలు విప్పి బిగించుటలో గ్రేటింగు కిరణములకు లంబముగా ఉండక ఒక డిగ్రీ ప్రక్కకు తిరిగినదనుకొందము. ఆ ఒక డిగ్రీ కంటికి తెలియదు. గీత ఎప్పటివలెనే సన్నగా, స్పష్టముగా కనిపించును. నేరుగా వచ్చు వెలుగునుండి ఒక ప్రక్కకు కొలిచిన కోణము 20 డిగ్రీల 26 నిమిషములు అగును. దానినిబట్టి తరంగదైర్ఘ్యము 5912. రెండవ ప్రక్కకు కొలిచిన 20 డిగ్రీల 18 నిమిషముల చిల్లర వచ్చును. తరంగదైర్ఘ్యము సుమారు 5876. రెండు ప్రక్కలను చదివి సగటు కోణము తీసినచో తప్పు ఒక్క ఆంగ్‌స్ట్రామునకు దిగిపోవును. కావున రెండు ప్రక్కల కోణములు ఎనిమిది నిమిషములు తేడాగా వచ్చినప్పుడు యంత్రమే తన జబ్బును చెప్పుచున్నదన్నమాట. కాలము చాలలేదని ఒక ప్రక్క మాత్రమే చదువనిచ్చు ఉపాధ్యాయుడు ఆ మాటను విననిచ్చుట లేదు.

పై లెక్కలో వచ్చిన 5876 అను సంఖ్య తెలుగు దేశమునకు క్రొత్తది కాదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణము మచిలీపట్నము, గుంటూరు మీదుగా సాగినది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరులో వర్ణపటదర్శినితో సూర్యుని అంచుననున్న మంటలను చూచెను. మద్రాసు వేధశాలకు చెందిన పోగ్సన్ మచిలీపట్నమున చూచెను. మెరయు గీతలలో ఒకటి పసుపు రంగుది. ఆనాడు చూచినవారిలో పలువురు దానిని సోడియపు డి గీతగా భావించిరి. వారిని తప్పుపట్టుట న్యాయము కాదు. గ్రహణము సంపూర్ణముగా నిలిచినది ఆరు నిమిషముల లోపు. సూర్యబింబము మరుగుపడుటచేత, మామూలు వేళ సూర్యుని వర్ణపటములో కనిపించు నల్లని డి గీతలు పోల్చిచూచుటకు ప్రక్కన లేవు. ముందుగా అమర్చుకొన్న స్కేలునే నమ్మవలసి వచ్చెను.

గ్రహణము లేనప్పుడు కూడ ఆ మంటల గీతలను చూడవచ్చునని జాన్సెన్ మరునాడే గుంటూరులో నిరూపించెను. అక్టోబరు 20న ఇంగ్లండులో లాకియరు స్వతంత్రముగా అదే పని చేసెను. పగటి వెలుగులో చూచుట వలన సూర్యుని నల్లని డి గీతలు అతని కంటియెదుటనే ఉన్నవి. పసుపు గీత వానిమీద పడలేదు, కొంచెము ఆకుపచ్చవైపునకు జరిగియున్నది. సోడియపు జంట గీతలు 5890, 5896 వద్ద ఉండగా ఇది 5876 వద్ద ఉన్నది. ఆ కొద్ది దూరము ఒక క్రొత్త మూలకము. దానికి హీలియమని పేరు పెట్టిరి. 1895లో రామ్సే దానిని క్లీవైటు అను ఖనిజమునుండి వెలువడిన వాయువులో కనుగొనువరకు అది భూమిమీద దొరకలేదు. మన విద్యార్థి చేతిలోని గ్రేటింగు మీద సోడియమునకును హీలియమునకును గల ఎడము నాలుగు నిమిషములకు లోపు. వెర్నియరు మీద నాలుగు గీతలు లేవు. గ్రేటింగు ఒక డిగ్రీ తిరిగియుండి, ఒక ప్రక్క మాత్రమే చదివినచో సోడియము దీపమునుండియే 'హీలియము' పుట్టించవచ్చును.

లాకియరుకు తోడ్పడినది తెలిసిన గీత తెలియని గీత ప్రక్కనే ఉండుట. పరిశోధకులు దీనిని పిమ్మట నిత్యకృత్యముగా చేసికొనిరి. వర్ణపటమును ఫొటో పలకమీద తీయు రోజులలో, ఇనుప కడ్డీల నడుమ విద్యుచ్చాపమును వెలిగించి, ఆ ఇనుప గీతలను అదే పలకమీద, తెలియని వర్ణపటమునకు ఆనుకొని ముద్రించువారు. యంత్రము నిన్న బాగుగా ఉన్నదను నమ్మకముమీద నేటి పలకను కొలువలేదు. మన ప్రాంతమునకు దగ్గరనే బరంపురమున 1898లో జన్మించిన ఆచార్య కొచ్చెర్లకోట రంగధామరావు ఆంధ్ర విశ్వవిద్యాలయమున వర్ణపటశాస్త్ర పరిశోధనను నెలకొల్పి పెంచినవారు. అట్టి సంప్రదాయము వాల్తేరులో ఉండగా, మా డిగ్రీ తరగతులలో ఒక్క తెలిసిన గీతనైన చూడకుండ మరమ్మతైన యంత్రమును వాడకమునకు దింపుట వింతగా ఉన్నది.

ఏమి చేయవలెనందురా? రెండు గంటల పని. దూరదర్శినిని, కాలిమేటరును అనంత దూరమునకు మరల సరిచేసి, గ్రేటింగును లంబముగా నిలిపి, పాదరసపు దీపము వెలిగించవలెను. ఊదా 4358, ఆకుపచ్చ 5461, పసుపు జంట 5770, 5791. ఒక్కొక్క గీతను రెండు ప్రక్కలను, రెండు వెర్నియరులతో చదువవలెను. గీతలన్నిటిలోను తప్పు ఒకే నిష్పత్తిలో వచ్చినచో గీతల సంఖ్యను అనుమానింపవలెను. ఎడమ, కుడి కోణములు సరిపడనిచో గ్రేటింగు నిలకడను చూడవలెను. వెర్నియరుల తేడా 180 డిగ్రీల చుట్టును హెచ్చుతగ్గులగుచున్నచో కుదురు జరిగినదని గ్రహింపవలెను. పట్టకముతో పనిచేయువారు కనిష్ఠ విచలన కోణములను తరంగదైర్ఘ్యములకు ఎదురుగా గ్రాఫు గీచి ఉంచుకొందురు. మరమ్మతు తరువాత పాత గ్రాఫు చెల్లదు. ఒక్క గీతతో సరిపుచ్చుకొనరాదు. ఒక్క బిందువుగుండా ఎన్ని రేఖలైనను గీయవచ్చును గదా!

ఈ శ్రద్ధ కళాశాల గోడలు దాటి ఎక్కడికి పోవలెనో ఉద్దానమువారికి వేరుగా చెప్పనక్కరలేదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలములలో దీర్ఘకాల మూత్రపిండ వ్యాధి ఎంతగా ప్రబలినదో లోకమెరుగును. 2020లో వెలువడిన ఒక సర్వే ప్రకారము ఇచటి వయోజనులలో ఇంచుమించు అయిదుగురిలో ఒకరికి ఆ వ్యాధి కలదు. కారణము ఇదియని నేటికిని తేలలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రమును, 200 పడకల ఆసుపత్రియును ప్రారంభమైనవి. ఇచట మనిషి రోగియా కాదా అని మొదట చెప్పునది రక్తములోని క్రియాటినిన్ అంకె. ఆ అంకె పుట్టునది వర్ణపటమాపకమునకు చుట్టమైన యంత్రములో.

1886లో జాఫే కనుగొన్న పద్ధతి ఇప్పటికిని చాల ప్రయోగశాలలలో వాడుకలో ఉన్నది. క్షారములో కలిపిన పిక్రిక్ ఆమ్లముతో క్రియాటినిన్ నారింజ ఎరుపు రంగు నిచ్చును. 5000-5200 ఆంగ్‌స్ట్రాముల ప్రాంతపు వెలుగును ఆ రంగు ఎంత మ్రింగినదో కొలిచి క్రియాటినిన్ ఎంతో లెక్కగట్టుదురు. యంత్రములో దీపము మార్చినను, ఫిల్టరు మార్చినను మ్రింగుడు కొలత మారును. ఒక మాట న్యాయముగా చెప్పవలెను. తెలిసిన క్రియాటినిన్ ద్రావణమును ప్రతిదినము రోగుల నమూనాలతో పాటు చదువు ప్రయోగశాలలో ఇట్టి మార్పులు చాలవరకు కొట్టివేసికొనిపోవును. ప్రమాదము పాత గుణకములో ఉన్నది. మరమ్మతుకు ముందు నిర్ణయించిన గుణకమును గోడకు అంటించి, మరమ్మతు తరువాత కూడ దానితోనే గుణించుట జరిగినచో, అది ప్రక్కకు తిరిగిన గ్రేటింగును ఒకే ప్రక్క చదువుటతో సమానము.

దాని ఫలమేమి? ఏబది యేండ్ల పురుషుని క్రియాటినిన్ నిజముగా 1.3 మిల్లీగ్రాములు (100 మిల్లీలీటరులకు) అనుకొందము. 2021లో సవరించిన సీకేడీ-ఎపి సూత్రము ప్రకారము అతని మూత్రపిండముల వడపోత వేగము సుమారు 67. గుణకము నూటికి 15 వంతులు హెచ్చుగా ఉన్నచో యంత్రము 1.5 చూపును, వడపోత 56కు దిగును. 60కి దిగువన ఉండి మూడు నెలలు అట్లే కొనసాగినచో వ్యాధి యని లెక్క. యంత్రము సరిచేయనంతకాలము మూడు నెలలేమి, మూడేండ్లయినను అట్లే కొనసాగును. గుణకము తక్కువైనచో కథ తిరగబడును. చికిత్స మొదలుపెట్టవలసినవాడు తనకేమియు లేదని సంతోషించి పొలమునకు పోవును.

ఇది ఊహ మాత్రమే కాదు. అమెరికాలో 1988-94 నడుమ జరిగిన జాతీయ ఆరోగ్య సర్వే అంకెలను తరువాత మరొక ప్రయోగశాల అంకెలతో పోల్చిచూడగా క్రియాటినిన్ సుమారు 0.2 మిల్లీగ్రాములు హెచ్చుగా వచ్చినట్లు 2002లో తేలినది. సరిదిద్దకున్నచో ఆ దేశమున రోగుల సంఖ్య ఎంతో పెరిగియుండెడిది. క్రియాటినిన్ కొలతలన్నిటిని ఒకే ఉన్నత ప్రమాణమునకు, అనగా ఐసోటోపులు కలిపి ద్రవ్యరాశి వర్ణపటమాపకముతో కొలుచు పద్ధతికి, ముడిపెట్టవలెనని 2006లో అక్కడి నిపుణులు సిఫారసు చేసిరి. ఉద్దానపు సర్వేలు తప్పని నేను అనుట లేదు. ఈ గ్రామములో ఇంతమంది, ఆ గ్రామములో అంతమంది అని ఎవరైన అంకెలు చెప్పినప్పుడు 'ఏ ప్రమాణముతో సరిచూచిన యంత్రమది?' అని అడుగు అలవాటు మనలో లేదు. పత్రికలలోను లేదు. ఆ అలవాటు మొదలు కావలసిన చోటు డిగ్రీ ప్రయోగశాల. అక్కడ మనము నేర్పుచున్నది 180 కలుపుట.

అందుచేత పుస్తకములు కూర్చువారికి నా సూచన ఒకటే. అధ్యాయము చివరనున్న 'ప్రామాణిక విలువ' గడిని తీసివేసి, మొదట ఒక పుట చేర్చవలెను. అందులో యంత్రము మరమ్మతైన తేదీ, ఏ భాగము మారినది, ఆ తరువాత ఏయే తెలిసిన గీతలను చూచిరి, ఎడమ కుడి కోణములెంత, చూచినవారెవరు అను వివరములుండవలెను. ఆ పుట యొక్క నకలు యంత్రపు పెట్టె మూత లోపల అంటించి ఉండవలెను. పరీక్షాధికారి మార్కులు వేయునప్పుడు ఫలితము సోడియమునకు ఎంత దగ్గరగా ఉన్నదని గాక, విద్యార్థి రెండవ వెర్నియరు నిజముగా చూచెనా అని విచారించవలెను. దీనికి ఇబ్బంది లేకపోలేదు: అట్లు విచారించుటకు పరీక్షాధికారి ఆ బల్లవద్ద నిలువవలెను.

వర్ణపటమాపకము లేని ఉన్నత పాఠశాలలు కూడ ఈ పని చేయవచ్చును. పాత సీడీ పలక మీది వెండి పొరను అంటుకాగితముతో ఊడదీసినచో మిగులు పారదర్శకపు పలక మంచి గ్రేటింగు. దాని చాళ్ల నడుమ దూరము 16,000 ఆంగ్‌స్ట్రాములు. కళాశాల గ్రేటింగునకు ఇంచుమించు సమానము. అట్టపెట్టెకు ఒకవైపు బ్లేడులతో చీలికను, రెండవవైపు పలక ముక్కను, లోపల కాగితపు స్కేలును అమర్చి, సీఎఫ్ఎల్ బల్బును చూడవలెను. పాదరసపు ఊదా 4358, ఆకుపచ్చ పట్టీ సుమారు 5450, యూరోపియపు ఎరుపు సుమారు 6110. ఈ మూడింటిని స్కేలుమీద గుర్తించి, గ్రాఫు గీయవలెను. పిదప స్పిరిటు దీపపు మంటలో నౌపడ ఉప్పు చిటికెడు వేసి, పసుపు గీత స్కేలుమీద ఎక్కడ పడినదో చూచి, గ్రాఫునుండి దాని తరంగదైర్ఘ్యమును తీసి సిరాతో వ్రాయవలెను. పాఠ్యపుస్తకము తెరచుట ఆ తరువాత.